పట్టికలో గడి లేని పిల్లలు: నగర విద్యా బోర్డుకు బహిరంగ లేఖ

నగర విద్యా బోర్డు సభ్యులకు, విద్యాశాఖ అధికారులకు నమస్కారం.

ఏటా ఫలితాలొచ్చిన వారం తిరక్కుండా మీరొక పట్టిక విడుదల చేస్తారు. ఊళ్లోని ప్రభుత్వ హైస్కూళ్లన్నీ పాస్ పర్సెంటేజీ ప్రకారం పైనుంచి కిందికి వరసలో ఉంటాయి. సాయంత్రానికల్లా అది అందరి ఫోన్లలోకీ వచ్చేస్తుంది. మర్నాడు పొద్దున్నే పై వరసలో ఉన్న స్కూళ్ల ముందు అప్లికేషన్ల కోసం క్యూ. అడుగున ఉన్న స్కూళ్ల టీచర్లు మాత్రం ఆ నెలంతా తెలిసినవాళ్లు ఎదురైతే తల తిప్పుకుని పోవాల్సిందే.

మా అమ్మాయి ఈ ఏడాదే హైస్కూల్లో చేరాలి. అందుకని నేనూ ఆ పట్టిక ముందేసుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. రెండు రాత్రులు చూసినా తేలలేదు. ఇక లాభం లేదని మూడో స్థానంలో ఉన్న స్కూల్‌కీ, అడుగునుంచి రెండో స్థానంలో ఉన్న స్కూల్‌కీ స్వయంగా వెళ్లొచ్చాను. పేర్లు చెప్పను. నా ఫిర్యాదు ఆ స్కూళ్ల మీద కాదు, మీ పట్టిక మీద.

మూడో స్థానం స్కూల్ సముద్రానికి బాగా దూరంగా, కొత్త కాలనీల వైపు ఉంది. గేటు దాటగానే టాపర్ల ఫోటోలతో పెద్ద ఫ్లెక్సీ. ఆఫీసులో నేను అడిగింది ఒక్కటే: "ఈసారి పరీక్ష రాసిన బ్యాచ్‌లో మొదట చేరినవాళ్లు ఎంతమంది? చివరికి పరీక్ష రాసినవాళ్లు ఎంతమంది?" క్లర్కు గారు కళ్లజోడు పైకి తోసుకుని నన్ను ఎగాదిగా చూశారు. "పాస్ పర్సెంటేజీ బోర్డు మీద ఉంది కదమ్మా. ఇది ఎవరూ అడగరు" అన్నారు. విసుక్కోలేదు పాపం. నిజంగానే ఎవరూ అడిగి ఉండరు.

రెండోది హార్బర్ వైపు. ల్యాబ్ తలుపు గొళ్లెం తీస్తుంటే అరచేతికి ఎర్రటి తుప్పు అంటుకుంది. సైన్స్ మాస్టారు త్రాసును రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి బీరువాలో దాచుకున్నారు. ఉప్పుగాలికి అలా వదిలేస్తే తొందరగా పాడైపోతుందట. కుళాయిలకు శనివారం శనివారం ఆయనే నూనె రాస్తారు. గోడ మీద మోకాలెత్తున ఒక మట్టి చార కనిపించింది, పోయిన తుపానుకి నీళ్లు అక్కడిదాకా వచ్చాయట. ఇవన్నీ చూసి వెనక్కి తిరిగేదాన్నేమో. హెడ్మిస్ట్రెస్ గారి టేబుల్ మీదున్న పొడుగాటి రిజిస్టరు ఆపేసింది.

పిల్లలు చేరిన మొదటి వారంలోనే ఒక్కొక్కరి చేత ఒక పేరా చదివించి, నాలుగు లెక్కలు చేయిస్తారట. తడబడ్డవాళ్ల పేరు పక్కన ఎర్ర చుక్క పెడతారు. నెలకోసారి మళ్లీ చదివిస్తారు. ఆగకుండా చదివి, లెక్క తప్పకుండా చేసిన రోజున ఆ ఎర్ర చుక్క చుట్టూ నీలం ఇంకుతో సున్నా చుడతారు. నేను చూసిన పేజీలో 32 పేర్లున్నాయి. 27 పేర్ల పక్కన ఎర్ర చుక్కలు. అందులో 21 చుక్కల చుట్టూ నీలం సున్నాలు. ఒక సున్నా మరీ గట్టిగా చుట్టినట్టున్నారు, కాగితం అవతలి వైపుకి అచ్చు దిగింది. నేను దాని మీద వేలు పెట్టడం చూసి, "ఆ పిల్లాడికి పద్నాలుగు నెలలు పట్టిందండీ" అన్నారావిడ.

మీ పట్టికలో ఈ స్కూల్ అడుగునుంచి రెండోది. ఆ 21 సున్నాలకు అందులో గడి లేదు.

ఇందులో చిక్కు ఎక్కడుందో చిన్న లెక్కతో చెబుతాను. ఇవి ఉదాహరణ కోసం నేను వేసుకున్న అంకెలే. ఒక స్కూల్లో 200 మంది పరీక్ష రాశారనుకోండి. వాళ్లలో 160 మంది చేరేనాటికే బాగా చదివే పిల్లలు, 40 మంది వెనకబడ్డవాళ్లు. మొదటి రకంలో నూటికి 90 మంది, రెండో రకంలో నూటికి 40 మంది గట్టెక్కారు. అంటే 144, 16. మొత్తం 160 మంది, 80 శాతం. ఇంకో స్కూల్లోనూ 200 మందే, కానీ అక్కడ బాగా చదివేవాళ్లు 40 మంది, వెనకబడ్డవాళ్లు 160 మంది. ఈ స్కూల్ బాగా చదివేవాళ్లలో నూటికి 95 మందిని, వెనకబడ్డవాళ్లలో నూటికి 55 మందిని గట్టెక్కించింది. అంటే 38, 88. మొత్తం 126 మంది, 63 శాతం. చురుకైన పిల్లకీ రెండో స్కూలే మేలు, వెనకబడ్డ పిల్లాడికీ రెండో స్కూలే మేలు. పట్టికలో మాత్రం మొదటిది 17 శాతం పైన కూర్చుంటుంది! నాలాంటి తల్లి పెన్సిల్‌తో దాని పేరు చుట్టూనే గీత గీస్తుంది.

మీ పట్టిక స్కూళ్లను పోలుస్తున్నానంటూ పేటలను పోలుస్తోంది. 1966లో అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ బృందం 6 లక్షల మందికి పైగా విద్యార్థుల వివరాలు సేకరించి చూస్తే, పిల్లల మార్కుల్లో తేడాకు స్కూల్ వసతుల కంటే ఇంటి పరిస్థితులే ఎక్కువ కారణమని తేలింది. దాన్నిబట్టి స్కూళ్లు చేసేదేమీ లేదని అనుకున్నవాళ్లూ ఉన్నారు. నేను ఆ మాట ఒప్పుకోను, ఆ నీలం సున్నాలు చూశాక అసలే ఒప్పుకోను. కానీ ఇంటి నుంచి వచ్చినదాన్ని పక్కకి తీయకుండా స్కూల్ ఎంత ఇచ్చిందో తేల్చడం ఎవరి తరమూ కాదు.

పట్టిక ప్రభావం అడ్మిషన్లతో ఆగదు కూడా. బోస్టన్ శివార్లలో స్కూల్ పరిధుల సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చి శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో ఒక పరిశోధన అచ్చువేశారు. స్కూల్ సగటు మార్కులు 5 శాతం ఎక్కువుంటే ఇంటికి రెండున్నర శాతం ఎక్కువ పెట్టడానికి జనం సిద్ధపడ్డారని అందులో తేలింది. మనకైతే పరిశోధన అక్కర్లేదు, ఇల్లు మారదామని ఒక్క వారం తిరిగితే చాలు. కలిగినవాళ్లు పై స్కూళ్ల పరిధిలోకి చేరతారు, దాంతో ఆ స్కూళ్ల అంకె ఇంకాస్త పెరుగుతుంది. హార్బర్ స్కూల్‌కి ఇంకాస్త ఎక్కువ ఎర్ర చుక్కలు మిగులుతాయి.

చిన్న స్కూళ్ల సంగతి మరీ అన్యాయం. 40 మంది పరీక్ష రాసిన చోట ఒక్క పిల్లాడికి ఆ పూట జ్వరమొస్తే స్కూల్ అంకె రెండున్నర శాతం పడిపోతుంది. 400 మంది రాసిన చోట అదే జ్వరం విలువ పావు శాతం. అందుకే చిన్న స్కూళ్లు ఒక ఏడాది ఆకాశంలో, ఇంకో ఏడాది పాతాళంలో ఉంటాయి. థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు నార్త్ కరొలైనా స్కూళ్ల మార్కులు తీసి చూసి ఈ సంగతే 2002లో రాశారు. అక్కడ అత్యుత్తమ జాబితాలోనూ చిన్న స్కూళ్లే ఎక్కువ, అధమ జాబితాలోనూ చిన్న స్కూళ్లే ఎక్కువ. బోధన ఒక్క ఏడాదిలో అంత మారిపోదు కదా. మూడేళ్ల సగటు వేస్తే ఈ ఊగిసలాట చాలావరకు తగ్గుతుంది. దానికి మీకు పైసా ఖర్చు లేదు, పాత ఫైళ్లు తీస్తే చాలు.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను.

మా తమ్ముడి కొడుకు లెక్కల్లో కొంచెం వెనక. మంచి పేరున్న స్కూలే. చివరి ఏడాదికి ముందు వేసవిలో మా తమ్ముణ్ని పిలిపించి, "వీడికి ఇక్కడి స్పీడు సరిపడదు, టీసీ తీసుకోండి, ప్రైవేటుగా పరీక్ష కట్టించండి" అన్నారు. గట్టిగా ఏమీ అనలేదట, కాఫీ కూడా ఇచ్చి మరీ చెప్పారట. వాడు వచ్చేశాడు. ఆ ఏడాది ఆ స్కూల్ పాస్ పర్సెంటేజీ పెరిగింది. పేపర్లో వచ్చిన ఫోటో కింద "సమష్టి కృషి" అని ఉంది. వాడు ఆ పర్సెంటేజీలో పై అంకెలోనూ లేడు, కింది అంకెలోనూ లేడు. అసలు ఆ స్కూల్లో చదవనట్టే లెక్క.

ఇది మన ఊరి తెలివితేటలే అనుకోకండి. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో బడి మానేసే పిల్లలు బాగా తగ్గిపోయారని ఒకప్పుడు దేశమంతా మెచ్చుకుంది. 2003లో రాష్ట్ర ఆడిటర్లు 16 స్కూళ్ల రికార్డులు తిరగేస్తే, వెళ్లిపోయిన సుమారు 5,500 మంది పిల్లల్లో సగానికి పైగా బడి మానేసినవాళ్ల ఖాతాలో పడాల్సినవాళ్లేనని తేలింది. కాగితం మీద వాళ్లకు వేరే కారణాలు రాసేశారు. అట్లాంటాలో ఇంకో రకం. అక్కడ టీచర్లే కూర్చుని పిల్లల తప్పు జవాబులు చెరిపి దిద్దారు. 2011లో వచ్చిన దర్యాప్తు నివేదిక ప్రకారం పరిశీలించిన 56 స్కూళ్లలో 44 చోట్ల ఇది జరిగింది, 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల ప్రమేయం బయటపడింది. వాళ్లందరూ పుట్టుకతో మోసగాళ్లని నేననుకోను. ఒకే ఒక్క అంకె మీద ఉద్యోగాలూ పరువూ వేలాడదీస్తే మనుషులు ఆ అంకెను ఎలాగోలా పైకి లాగుతారు. డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే ఈ హెచ్చరిక చేశారు.

అలాగని పట్టికే ఎత్తేయమని అడగడం లేదు. ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టమనను. బ్రిటన్‌లో ఇంగ్లండ్ పక్కనున్న వేల్స్ పట్టిక ఎత్తేసి చూసింది. 1992 నుంచి ఇంగ్లండ్‌తో పాటు అక్కడా స్కూళ్ల ఫలితాల పట్టికలు వచ్చేవి. 2001లో వేల్స్ వాటిని ఆపేసింది, ఇంగ్లండ్ కొనసాగించింది. తర్వాత బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండింటినీ పోల్చి చూస్తే, పట్టికలు ఆపాక వేల్స్ స్కూళ్లు ఇంగ్లండ్‌తో పోలిస్తే వెనకబడ్డాయని తేలింది. ఎవరూ చూడకపోతే పని కాస్త సడలుతుంది, అది ఏ ఆఫీసులోనైనా అంతే. ఈ ఫలితం నాకు మొదట నచ్చలేదు, ఎందుకంటే పట్టిక రద్దు చేయమనే ఈ ఉత్తరం రాద్దామనుకున్నాను.

మరి ఏం చేయాలి? ఇంగ్లండ్ 2016లో 'ప్రోగ్రెస్ 8' అనే లెక్క మొదలుపెట్టింది. పదకొండేళ్లప్పుడు ప్రైమరీ స్కూల్ వదిలేనాటికి ఒకే స్థాయిలో ఉన్న పిల్లల్ని దేశమంతటా ఒక గుంపుగా తీసుకుంటారు. పదహారేళ్లప్పుడు ఆ గుంపు సగటు కంటే ఈ స్కూల్ పిల్లలు ఎంత ముందున్నారు, ఎంత వెనకున్నారు అని చూస్తారు. మన హెడ్మిస్ట్రెస్ గారు ఎర్ర చుక్క, నీలం సున్నాలతో చేసేదీ ఇదే. ఆవిడ దానికి పేరు పెట్టలేదు, అంతే. లోపాలు దానికీ ఉన్నాయి. పేదరికాన్ని అది లెక్కలోకి తీసుకోదు. కోవిడ్ వల్ల 2020, 2021లో ప్రైమరీ పరీక్షలు జరగలేదు కాబట్టి ఆ బ్యాచ్‌లు పదహారేళ్లకు వచ్చేసరికి ఈ లెక్క వేయడానికే వీల్లేకుండా పోయింది. మొదట్లో ఏ స్థాయిలో ఉన్నారో రాసి పెట్టుకోకపోతే చివర్లో ఎవరూ ఏమీ చేయలేరు. మీరు అసలు రాసి పెట్టుకోవడమే లేదు.

కాబట్టి చేరిన నెలలోనే ఊరంతటికీ ఒకే చిన్న పరీక్ష పెట్టండి. మార్కుల కోసం కాదు, టెన్షన్ పెట్టకుండా, గంటలో అయిపోయేది. దాని ఫలితం పక్కన చివరి ఫలితం వేయండి. పక్కనే ఇంకో రెండు గడులు: ఈ బ్యాచ్‌లో చేరినవాళ్లు ఎందరు, పరీక్ష రాసినవాళ్లు ఎందరు. మధ్యలో టీసీ ఇచ్చి పంపిన పిల్లల్ని, వాళ్లు ఊరు మారి వెళ్లారని రుజువు ఉంటే తప్ప, పంపిన స్కూల్ లెక్కలోనే ఉంచండి. ఈ ఒక్క నిబంధన పెట్టి చూడండి, కాఫీ ఇచ్చి టీసీ రాసే అలవాటు ఎంత వేగంగా పోతుందో. అయితే పదిమంది కంటే తక్కువున్న గుంపుల వివరాలు మాత్రం వేయొద్దు, ఎవరి పిల్లో ఇట్టే తెలిసిపోతుంది.

మనది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కాబట్టి ఇంకో గడి కూడా కావాలి. తుపాను హెచ్చరిక రాగానే హార్బర్ వైపు స్కూళ్లే పునరావాస కేంద్రాలవుతాయి. జనం ఇళ్లకు వెళ్లాక కూడా గదులు కడగాలి, బెంచీలు ఆరాలి, తడిసిన రిజిస్టర్లు ఎండబెట్టాలి. కొత్త కాలనీల స్కూల్ మూడో రోజున తెరుచుకుంటే ఇక్కడ రెండు వారాలు దాటుతుంది. ఏడాదికి 180 పని దినాలనుకుంటే, 18 రోజులు బడికి రాని పిల్లను అమెరికాలో చాలాచోట్ల 'దీర్ఘకాలిక గైర్హాజరు' కింద రాస్తారు. అంటే ఒక్క తుపాను దెబ్బకి ఈ స్కూల్ పిల్లలంతా, ఒక్క రోజు కూడా మానకుండానే, ఆ గీతకి సగం దూరం దాటేస్తారు. పరీక్ష తేదీ మాత్రం ఊరంతటికీ ఒకటే. దానికి తోడు బోట్లు తెల్లవారుజామున ఒడ్డుకొచ్చే ఇళ్లలో పెద్దపిల్లలు మొదటి పీరియడ్‌కి రావడం ఎంత కష్టమో అక్కడి క్లాస్ టీచర్లను అడగండి. పని దినాలు ఎన్ని పోయాయో వేయండి. పోయిన రోజులకు బదులు క్లాసులు పెట్టడానికి టీచర్లను ఇవ్వండి. ఇవ్వలేకపోతే కనీసం ఆ స్కూల్‌ని అడుగున నిలబెట్టి ఊరందరికీ చూపించకండి.

ఏ సబ్జెక్టుకి ఎన్ని నెలలు టీచర్ లేరో కూడా వేయాలి. ఇది రాయడానికి మీకు ఇబ్బందిగా ఉంటుందని తెలుసు, ఆ గడికి జవాబుదారీ స్కూల్ కాదు, మీరే.

ర్యాంకు నంబరు తీసేసి పేర్లు అక్షర క్రమంలో వేస్తే ఏమవుతుంది? న్యూయార్క్ నగరం 2007లో స్కూళ్లకు ఏ, బీ, సీ గ్రేడ్లు ఇవ్వడం మొదలుపెట్టి 2014లో మానేసింది. ఇంగ్లండ్ తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ ప్రభుత్వ స్కూళ్లకు ఒకే ఒక్క మాటలో తీర్పు చెప్పే పద్ధతిని 2024 సెప్టెంబరులో ఆపేసింది. ఇన్ని రకాల గడులుంటే తల్లిదండ్రులకు అర్థం కావని పోయిన సమావేశంలో మీలో ఒకరన్నారు. బ్యాట్స్‌మన్ సగటు ఒక్కటే చూడం, స్ట్రైక్ రేటు అడుగుతాం, ఎవరి బౌలింగ్‌లో కొట్టాడో, పిచ్ ఎలాంటిదో కూడా అడుగుతాం. పిల్లల చదువు దగ్గరికొచ్చేసరికి ఒక్క అంకె చాలని మమ్మల్ని ఎందుకు తక్కువ చేస్తారు?

నాతో పాటు క్యూలో నిలబడ్డ తల్లిదండ్రులకూ ఒక మాట. బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో ప్రవేశ పరీక్షతో సీట్లిచ్చే పేరుమోసిన ప్రభుత్వ హైస్కూళ్లున్నాయి. కటాఫ్ మార్కుకి కాస్త పైనుండి సీటు దొరికిన పిల్లల్నీ, కాస్త కిందుండి సీటు పోగొట్టుకున్న పిల్లల్నీ పోల్చి 2014లో ముగ్గురు ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం ప్రచురించారు. తర్వాతి పరీక్షల మార్కుల్లో వాళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందుకని సీటు రాలేదని పిల్లల మీద కేకలేసే ముందు ఒక గ్లాసుడు మంచినీళ్లు తాగండి. మూడో స్థానమా ఎనిమిదో స్థానమా అన్న బెంగతో నేనూ రెండు రాత్రుల నిద్ర పోగొట్టుకున్నాను. అంతకంటే ఒక మామూలు రోజున ఆ స్కూల్ వరండాలో అరగంట నిలబడితే ఎక్కువ తెలుస్తుంది: మొదటి బెల్లు కొట్టాక ఎన్ని క్లాసుల్లో టీచర్ ఉన్నారు, వెనక బెంచీ పిల్లల్ని ఎవరైనా ప్రశ్న అడుగుతున్నారా, లైబ్రరీ తాళం ఎవరి దగ్గరుంది. అలా నిలబడడానికి మాకు అనుమతి ఇవ్వండి. నెలకొక రోజు చాలు. ముస్తాబు చేసిన వార్షికోత్సవం రోజు మాత్రం వద్దు.

కొత్త పరీక్ష పెట్టడానికీ, పట్టిక మార్చడానికీ మీకు ఏడాది పడుతుందని తెలుసు. కానీ చేరినవాళ్లు ఎందరు, పరీక్ష రాసినవాళ్లు ఎందరు అన్న రెండు అంకెలకు ఏ పరీక్షా అక్కర్లేదు. ప్రతి స్కూల్ ఆఫీసులో అడ్మిషన్ రిజిస్టరు ఉంది, హాల్‌టికెట్ల జాబితా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఒక పూట పని. అడ్మిషన్ల గడువు ముగిసేలోపు అన్ని హైస్కూళ్లకూ ఆ రెండు అంకెలు ప్రకటించండి. ఆ అంకెలే అడుగుతూ మూడో స్థానం స్కూల్ క్లర్కు గారికి నేను రాసి ఇచ్చొచ్చిన కాగితం ఇంకా ఆయన టేబుల్ మీద పేపర్ వెయిట్ కింద ఉందేమో, దాంతోనే మొదలుపెట్టమనండి.

ఇట్లు,
హైస్కూలు వెతుకుతున్న ఒక తల్లి